కోళ్లకు మొక్కల మందులు: ఎంతవరకు నిజము?

కోళ్ల ఫారములలో యాంటీబయాటిక్‌లకు లొంగని బాక్టీరియాలు బలపడుచున్నవి. కోళ్లు త్వరగా ఎదుగుటకై మేతలో ఈ మందులను కొద్ది కొద్దిగా కలుపుట ఇందుకొక ముఖ్యకారణము. ఐరోపా సమాఖ్య ఈ పద్ధతిని 2006లో నిషేధించినది. మానవులకు కడపటి ఆధారమైన కొలిస్టిన్‌ను కోళ్లకు వాడరాదని భారత ప్రభుత్వము 2019లో ఉత్తరువు చేసినది. ఆ స్థానమునకు మొక్కల మందులను పలువురు సూచించుచున్నారు.

వీటి పక్షమున చెప్పదగినది లేకపోలేదు. వాములోని థైమాల్ బాక్టీరియా పొరను చెరచి, లోపలి పదార్థములు బయటికి కారిపోవునట్లు చేయును. నలిపిన వెల్లుల్లిలో పుట్టు ఆలిసిన్ వాని ఎంజైములను పనిచేయనీయదు. గాజుపళ్లెములో ఈ రెండును రుజువైనవే.

అయితే గాజుపళ్లెము కోడి ప్రేగు కాదు. మేతతో పోయిన థైమాల్ చాలవరకు ప్రేగు మొదటి భాగముననే రక్తములోనికి ఇంకిపోవును. సాల్మొనెల్లా ఎక్కువగా నిలుచునది ప్రేగు చివరనున్న గ్రుడ్డి తిత్తులలో. అందుకే థైమాల్‌ను క్రొవ్వుపూతలో పొదిగి పంపు ప్రయత్నములు జరుగుచున్నవి. పైగా వాములోని థైమాల్ పాలు రకమును, నేలను బట్టి మారును. గుప్పెడు వాము అనునది మోతాదు కాజాలదు.

ప్రకృతిసిద్ధము గనుక నిరోధము పుట్టదను వాదము మరింత బలహీనము. పెనిసిలిన్ కూడ బూజునుండి పుట్టినదే కదా! చాలని మోతాదు సూక్ష్మజీవులకు నిరోధమును నేర్పునని ఫ్లెమింగ్ 1945లోనే హెచ్చరించెను.

ఒకే ఈడు పిల్లలను రెండు గుంపులు చేసి, ఒకదానికే మందు పెట్టి, రెండింటిలోని బాక్టీరియాలను లెక్కించి పోల్చవలెను. ఆ పోలిక చూపని మందు, మొక్కదైనను మరొకటైనను, మందు అనిపించుకొనదు. శుభ్రమైన నీరు, పొడి నేల, టీకాలు చేయు పనిని ఏ ఆకుపసరును చేయజాలదు.