కొమేనియసు చిత్రగ్రంథము – బాలుర చిత్రలేఖనము

వస్తుజ్ఞానమును బొమ్మలతోఁ గలిగించు బాలగ్రంథములలో మొరావియా దేశీయుఁడైన కొమేనియసు రచించిన 'ఆర్బిస్ సెన్సువాలియమ్ పిక్టస్' మిక్కిలి ప్రసిద్ధము. ఇది 1658వ సంవత్సరమున నూరెంబెర్గు పట్టణమున లాటిను, జర్మను భాషలలో ముద్రితమయ్యెను. ఇందు 150 ప్రకరణములు గలవు. బొమ్మలోని వస్తువునకును దానిని జెప్పు పదమునకును నొకటే యంకె వేయఁబడుటచే శబ్దార్థసంబంధము బాలునకుఁ గన్నులఁ గట్టును. బాలురు బొమ్మలను దమచేతితో వ్రాయఁగోరినచో వ్రాయనీయవలెననియు, అట్లు కోరునట్లు వారిని బ్రోత్సహింపవలెననియు గ్రంథకర్త పీఠికలోఁ జెప్పెను. వస్తువుపై నవధానము, అవయవముల పరస్పరప్రమాణజ్ఞానము, హస్తలాఘవము – ఇవి యతఁడు చెప్పిన ప్రయోజనములు.

ఈ విధి మెచ్చఁదగినదే. కాని యొక శంక గలదు. వాజప్యాయనుఁ డాకృతిని, వ్యాడి ద్రవ్యమును శబ్దార్థముగాఁ జెప్పిరని మహాభాష్యమువలనఁ దెలియుచున్నది. గోశబ్దము సర్వగోసాధారణము, చిత్రము చూపునది యొక్క గోవును మాత్రమే. తరగతిలోని బాలురందఱు నా చెక్కబొమ్మనే యనుకరించినచో దాని లక్షణములనే గోజాతిలక్షణములుగా భ్రమింతురు. ఈ దోషమునకుఁ బరిహారము పీఠికయందే కలదు: ఇంట సులభముగా దొరకని వస్తువులను బెద్ద పాఠశాలలం దుంచి చూపవలెనని కొమేనియసే కోరెను. కావున నేఁటి ప్రాథమికపాఠశాలోపాధ్యాయుఁడు మొదట గ్రంథములోని బొమ్మను, పిదప వీధిలోని గోవులను జూపి వ్రాయింపవలెను. బాలురు వ్రాసిన వేర్వేఱు గోవులను వరుసగా నుంచి పోల్చినప్పుడే వానియన్నిఁటియందుఁ గల సామాన్యము వారికి బోధపడును. కేవలానుకరణముచే హస్తలాఘవ మొక్కటియే సిద్ధించును. కొమేనియసు మొదటఁ జెప్పిన వస్త్వవధానము సిద్ధింపదు.