డాయిల్ రెండవ పరిశోధక నవల

మొదటి గ్రంథమును రచయిత తనకొరకు వ్రాసికొనవచ్చును. దానిని ఎవరును కోరియుండరు, గడువు లేదు, నాయకుని స్వభావ మెట్టిదో ముందుగా నెఱిగిన పాఠకుడును లేడు. రెండవ గ్రంథమునకు వచ్చునప్పటి కీ స్వాతంత్ర్యములు చాలవరకు తొలగిపోవును. అపరాధ పరిశోధక నవలలు వ్రాయువారి విషయమున నిది మఱింత నిజము. ఒక్క గ్రంథమున గనబడి మఱుగుపడిన పరిశోధకుడు పాత్ర మాత్రమే. రెండవసారి తలుపు తట్టిన చప్పుడు విని కుర్చీనుండి లేచినవాడే పాఠకులకు చిరపరిచితు డగును. నా యభిప్రాయమున షెర్లాక్ హోమ్స్ అట్టివా డైనది 1887లో గాదు, 1890లో.

ఆ 1890 నాటి గ్రంథము సర్ ఆర్థర్ కానన్ డాయిల్ రచించిన "ది సైన్ ఆఫ్ ఫోర్". అది డాయిల్ ప్రకటించిన రెండవ నవల కాదు. నడుమ వేఱు నవలలు వెలువడినవి. పరిశోధక నవలలలో మాత్రము రెండవది. ఆ నవల పుట్టిన విధమును, అందు రచయిత నేర్చినదానిని, నేర్వనిదానిని ఇచట పరిశీలింప దలచితిని. కథలో సగము భారతదేశమునకు సంబంధించినదే గనుక ఈ దేశపు పాఠకునకు దానితో తీర్చుకొనవలసిన లెక్క యొకటి కలదు. దానిని తుదకు జెప్పెదను.

డాయిల్ వృత్తిచే వైద్యుడు. ఇంగ్లండు దక్షిణ తీరమున పోర్ట్స్‌మత్ నగరములోని సౌత్‌సీలో వైద్యశాల పెట్టి, రోగులు రాని వేళల కథలు వ్రాయుచుండెను. 1886లో వ్రాసిన "ఎ స్టడీ ఇన్ స్కార్లెట్" కొందఱు ప్రకాశకుల యొద్దకు పోయి తిరిగి వచ్చెను. అందొకరు చదువకయే త్రిప్పి పంపిరి. తుదకు వార్డ్ లాక్ కంపెనీవారు, ఆ యేడు అంగడి నిండ చౌక నవలలే యున్నవి గాన మఱుసటి సంవత్సరమువఱకు ఆగవలసి యుండుననియు, సర్వహక్కులకు 25 పౌనులు మాత్రమే యిత్తుమనియు వ్రాసిరి. అమ్మకముపై రాయల్టీ నిమ్మని డాయిల్ అడిగెను. వా రొప్పుకొనలేదు. 1887లో "బీటన్స్ క్రిస్మస్ యాన్యువల్" అను ఒక షిల్లింగు వెలగల ప్రత్యేక సంచికలో ఆ నవల వెలువడెను. ఆ సంచిక ప్రతులు నేడు వేలములలో గొప్ప ధర పలుకుచున్నవి. రచయితకు మాత్రము ఆ 25 పౌనులకు మించి యొక్క పెన్నీయు దానివలన రాలేదు.

ఇట్టి యనుభవము పొందినవాడు మరల హోమ్స్ జోలికి పోకుండుటలో వింత లేదు. డాయిల్ మనస్సు చారిత్రక నవలపై నుండెను. 1685లో జరిగిన మన్మత్ తిరుగుబాటును గూర్చి "మైకా క్లార్క్" వ్రాసి 1889లో ప్రకటించెను. తనకు శాశ్వతకీర్తి అట్టి గ్రంథములవలననే కలుగునని యాతడు జీవితాంతము నమ్మెను. అందుచేత రెండవ పరిశోధక నవల రచయిత కోరికవలన గాక, ఒక సంపాదకుని కోరికవలన బుట్టినది.

ఆ సంపాదకుడు జోసఫ్ స్టాడర్ట్. ఫిలడెల్ఫియాలో వెలువడు "లిప్పిన్‌కాట్స్ మంత్లీ మ్యాగజీన్" పక్షమున లండనునకు వచ్చి, 1889 ఆగష్టు 30వ తేదీ రాత్రి లాంగమ్ హోటలులో విందు చేసెను. అతిథులలో ఆస్కార్ వైల్డ్ ఒకడు, డాయిల్ మఱియొకడు. ఆ రాత్రి మాటల ఫలముగా వైల్డ్ "ది పిక్చర్ ఆఫ్ డోరియన్ గ్రే" వ్రాసెను. డాయిల్ "ది సైన్ ఆఫ్ ఫోర్" వ్రాసెను. ఒక్క భోజనపు బల్లవద్ద రెండు ప్రసిద్ధ నవలలు నిశ్చయమగుట సాహిత్య చరిత్రలో తఱచుగా జరుగునది కాదు. డాయిల్‌కు 100 పౌనులు ముట్టినవి. మొదటి నవలకు వచ్చిన దానికి నాలుగు రెట్లు! హోటలు ఋణమును గూడ నాతడు తీర్చుకొనెను: నవలలో కెప్టెన్ మార్స్టన్ అదృశ్యుడగుట లాంగమ్ హోటలునుండియే. థాడియస్ షోల్టో అను సుకుమారపు కళాభిమానియందు వైల్డ్ ఛాయలు గలవని విమర్శకు లనుచుందురు. కావచ్చును.

నవల కొలది వారములలో పూర్తియై, 1890 ఫిబ్రవరి సంచికలో అచ్చయ్యెను. తొందర గుర్తులు అచటచట మిగిలినవి. కథానాయిక మేరీ మార్స్టన్ తెచ్చిన యుత్తరముపై తపాలాముద్ర జూలై 7. ఆ సాయంకాలమే వారు బండి యెక్కునప్పటికి సెప్టెంబరు మాసము. డాక్టరు వాట్సన్‌కు మైవాంద్ యుద్ధమున తగిలిన గుండు మొదటి నవలలో భుజమున నుండెను. ఇందు కాలికి దిగినది. ఇట్టివి పట్టుకొని సంతోషించు పాఠకులు లోకమంతట గలరు. వానికంటె, అదే తొందరలో రచయిత బుద్ధిపూర్వకముగా దిద్దుకొనిన లోపములు ముఖ్యములు.

మొదటిది నిర్మాణము. "ఎ స్టడీ ఇన్ స్కార్లెట్"లో పదునాలుగు ప్రకరణములు. హంతకుడు సగము దారిలోనే చిక్కును. వెంటనే కథ అమెరికాలోని యూటా ఎడారికి దుమికి, ఐదు ప్రకరణములపాటు హోమ్స్ లేకయే నడచును. ఆ భాగమును చెప్పువా డెవడో గూడ తెలియదు. రెండవ నవలయందును నేరమునకు మూలము దూరదేశమున, గతకాలమున నున్నదే. కాని యీసారి డాయిల్ ఆ పూర్వకథను చివరి ప్రకరణమున కొక్కదానికే పరిమితము చేసి, ఒంటికాలి జోనాథన్ స్మాల్ నోటనే చెప్పించెను. హోమ్స్ ఎదుట కూర్చుండి వినుచుండును. నడుమ పోలీసు అధికారి అడ్డువచ్చును. పాఠకుడు లండను విడువకయే ఆగ్రా చేరును. తన మొదటి గ్రంథమును పరాయివాని గ్రంథమువలె చదివికొనిన రచయితకే యీ మార్పు స్ఫురించును.

రెండవది నాయకుడు. మొదటి నవలలో వాట్సన్ హోమ్స్ విద్యల పట్టిక వ్రాసి, సాహిత్యజ్ఞానము శూన్యమని తేల్చెను. కార్లైల్ ఎవ్వడని హోమ్స్ అడిగినట్లు గూడ నందు గలదు. రెండవ నవలలో ఆ హోమ్సే గేటే వాక్యములు చెప్పును. కార్లైల్‌కు మూలము జర్మన్ రచయిత జీన్ పాల్ అని యెఱుగును. ఇది మఱపు కాదని నేను తలచెదను. యంత్రమువంటి మనుష్యునితో ఒక నవల నడచును, రెండవది నడువదు. కావుననే డాయిల్ వానికి చదువు నిచ్చెను, సంగీతపు రుచిని పెంచెను, ఒక దుర్వ్యసనమును గూడ నిచ్చెను. హోమ్స్ కొకెయిన్ సూది గ్రుచ్చుకొనుటతో నవల ప్రారంభమగును. మరల ఆ సీసాకే చేయి చాచుటతో ముగియును. వైద్యుడైన వాట్సన్ దానిని ఖండించుట గమనింపదగినది. బుద్ధికి పని లేనిచో బ్రదుకలేనివాడను దుర్బలత్వము ఒక్క పుటలో స్థిరపడినది. తరువాతి కథలన్నియు దానిమీదనే నిలిచినవి.

వాట్సన్-మేరీల ప్రేమకథను కొందఱు తేలికగా చూతురు. నా కట్లు తోపదు. ఆగ్రా నిధి దొరకినచో ఆమె మహాధనవంతురాలగును. పేద వైద్యుడు నోరు విప్పలేడు. పెట్టె ఖాళీగా తెఱచుకొనినప్పుడు అత డానందించును. పరిశోధన విఫలమైన చోటనే కథ సఫలమగుట అపరాధ నవలలలో అరుదు.

ప్రచురణ విషయమున రెండవ నవల డాయిల్‌ను ఒక్క పట్టున ప్రసిద్ధుని చేయలేదు. 1890లోనే స్పెన్సర్ బ్లాకెట్ దానిని పుస్తకముగా వెలువరించెను. ఆదరణ మితముగా నుండెను. 1891 జూలైనుండి "స్ట్రాండ్" మాసపత్రికలో చిన్నకథలు వచ్చిన తరువాతనే హోమ్స్ పేరు ఇంటింటికి ప్రాకెను. అయినను ఆ చిన్నకథలలోని మనిషి 1890 నాటివాడే. మదరాసును రంగస్థలముగా గొని కొమ్మూరి సాంబశివరావుగారు సృజించిన డిటెక్టివ్ యుగంధర్, ఆయన సహాయకుడు రాజు ఎన్నో నవలలలో తెలుగు పాఠకులను అలరించిరి. పరిశోధకుడును సహచరుడును గూడి మరల మరల వచ్చు నీ పద్ధతికి మూలపురుషులను వెదకినచో ఆ బేకర్ వీథి జంటయొద్దకు పోవలసియుండును.

ఇక మన లెక్క.

ఈ నవల వ్రాయునాటికి డాయిల్ భారతదేశమును చూడలేదు. 1857లో ఆగ్రా కోటను కాచుచున్న ఇద్దఱు సిక్కు భటులకు ఆతడు పెట్టిన పేర్లు మహమ్మద్ సింగ్, అబ్దుల్లా ఖాన్. పంజాబు నెఱిగినవాడెవ్వడును సిక్కునకు అబ్దుల్లా ఖాన్ అని పేరు పెట్టడు. ఇది నవ్వి విడువదగిన పొరపాటు.

అండమాను విషయము నవ్వి విడువదగినది కాదు. స్మాల్ వెంట వచ్చిన టోంగా అను అండమాను వాసిని గుర్తించుటకు హోమ్స్ అలమారునుండి గెజెటీరు దించి చదువును. ఆ ద్వీపవాసులు వికృతరూపు లనియు, నరమాంసభక్షకు లనియు నందుండును. ఆ మాట అబద్ధము. టోంగా చేతిలోని విషపు ముల్లుల ఊదుగొట్టము గూడ వారి యాయుధము కాదు, వారు ధనుర్ధారులు. గడియారముమీది గీతలు చూచి దాని యజమాని జీవితము చెప్పినవాడు, పోలీసువారి మాట నొక్కటియు శోధింపక నమ్మనివాడు, ఒక జాతిని గూర్చి అచ్చుపుస్తకములోని మాటను మాఱు ప్రశ్న లేక నమ్మెను. పరిశోధకునిగా హోమ్స్ ఓడిన చోటు నవలలో నిదియే. దాని నాతడును గుర్తింపలేదు, వాని సృష్టికర్తయు గుర్తింపలేదు.

గెజెటీరునకు ఎదురుసాక్ష్యము నవలలోనే కలదు. ఇంగ్లండులో తాము పొట్టపోసికొనిన విధమును స్మాల్ చెప్పును: సంతలలో టోంగాను నల్ల నరమాంసభక్షకుడని చూపి, పచ్చిమాంసము తినిపించి, యుద్ధనృత్యము చేయించి, టోపీ నిండ చిల్లర సంపాదించెనట. అనగా నరభక్షకత్వము పెన్నీలకొరకు ఆడిన నాటకము! అడవిలో జబ్బుపడియున్న టోంగాకు స్మాల్ శుశ్రూష చేసెను. ఆ కృతజ్ఞతతో వాడు సముద్రములు దాటి వెంట వచ్చెను. నవలలో వానికంటె విశ్వాసపాత్రు డెవ్వడును లేడు. డాయిల్ చేయి ఇంత వ్రాసినను, ఆతని మనస్సు గెజెటీరును దాటలేకపోయెను. గడువులోపల వ్రాయు రచయిత తెలిసిన విషయమును దిద్దును, తెలియని విషయమును అలమారునుండి దించుకొనును.

1858లో అచట శిక్షాస్థావరము స్థిరపడిన తరువాత వ్యాధులవలన గ్రేట్ అండమానీయులు వేలనుండి పదులకు తగ్గిపోయిరి. 2024లో శ్రీవిజయపురమని పేరు మార్పుచెందిన పోర్ట్ బ్లెయిర్‌లో నేడు తెలుగు కుటుంబములు పెక్కు నివసించుచున్నవి. ఈ నవలను తెలుగు చేయువా డెవ్వడైనను ఆ యిండ్లలోను చదువబడునని తలచి వ్రాయవలెను. సిక్కుల పేర్లు దిద్దవచ్చునా, గెజెటీరు వాక్యములు విడువవచ్చునా యని యడిగినచో, రెండును కూడదనియే నా మతము. మూలమును ఉన్నది ఉన్నట్లు తెలిగించి, ఆ పుటక్రిందనే, సంత టోపీలోని చిల్లర మాట వచ్చు ప్రకరణమునకు పాఠకుని చూపు మరల్చు నొక పంక్తి వ్రాసిన చాలును.