సలహా ఇవ్వకుండా వినే విద్య

జర్మనీలో స్త్రీల వైద్యంలో స్పెషలిస్టు కావాలంటే కాన్పులూ ఆపరేషన్లూ వస్తే చాలదు. మనసులోని బాధ ఒంట్లో నొప్పిగా కనబడే తీరును పట్టుకునే విద్యలో 80 గంటల కోర్సు కూడా పూర్తిచేయాలి. అందులో పాఠాలు 20 గంటలే. రోగితో మాట్లాడే పద్ధతుల సాధన 30 గంటలు, బాలింట్ గ్రూపు 30 గంటలు. ఈ పంపకంలోనే నాకు పనితనం కనిపించింది. పుస్తకం నుంచి వచ్చేది పావు వంతు, మిగతా ముప్పావు నోటితో, చెవితో చేసి నేర్చుకోవాల్సిందే.

మైకేల్ బాలింట్ 1896లో బుడాపెస్టులో పుట్టినవాడు. లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్‌లో భార్య ఎనిడ్‌తో కలిసి మామూలు ఫ్యామిలీ డాక్టర్లను కూర్చోబెట్టి ఈ పద్ధతిని మలిచాడు. డాక్టరు రాసే మందుల్లో అన్నిటికన్నా ఎక్కువగా వాడేది డాక్టరునే, ఆ మందు మోతాదు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు అన్నది 1957లో వచ్చిన ఆయన పుస్తకం సారం.

గ్రూపు నడిచే తీరు చూడండి. ఎనిమిది, పది మంది డాక్టర్లు గుండ్రంగా కూర్చుంటారు. ఒకరు తనను వదలకుండా వెంటాడుతున్న రోగి గురించి చెబుతారు. కేస్ షీటు చూడకూడదు, జ్ఞాపకం ఉన్నదే చెప్పాలి. ఏది మరిచిపోయారన్నది కూడా అక్కడ పనికొచ్చే సమాచారమే! తర్వాత ఆయన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని నోరు మూసుకుంటారు. మిగతావాళ్లు ఆ రోగికి ఏమనిపించి ఉంటుంది, డాక్టరుకు ఎందుకంత చిరాకు వచ్చింది అని ఊహిస్తారు. 'ఈ స్కాన్ చేయించావా, ఈ మాత్ర రాశావా' అనడానికి లేదు. సలహా ఇవ్వడమే వృత్తిగా బతికే పదిమందిని గంటన్నర సేపు సలహా ఇవ్వకుండా కూర్చోబెట్టడం చిన్న విషయమా?

కర్ణాటకలోని మా చిక్కబళ్లాపురం సీమలో ఈ గ్రూపు అవసరం ఎక్కడో చెబుతాను. బాగేపల్లి, చింతామణి పల్లెల నుంచి వచ్చిన ఆడమనిషి "తెల్లబట్ట అవుతోంది డాక్టరమ్మా, ఒకటే నీరసం, కాళ్లు గుంజుతాయి" అంటుంది. పరీక్షల్లో ఇన్‌ఫెక్షన్ కనబడదు. మళ్లీ అవే మాత్రలు, మళ్లీ అదే నీరసం. కేస్ షీటు ఇంగ్లీషులో, ఆస్పత్రి ఫారాలు కన్నడంలో, ఆమె బాధ తెలుగులో. మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ బృందం గోవాలో చేసిన అధ్యయనంలో ఈ తెల్లబట్ట ఫిర్యాదుకు ఇన్‌ఫెక్షన్ కన్నా దిగులుతో, ఇంటి ఇబ్బందులతో గట్టి సంబంధం ఉన్నట్టు తేలింది. అంటే ఆమె అబద్ధం చెప్పడం లేదు. డాక్టరు వెతుకుతున్న చోటు వేరు, అంతే.

సరైన చోట వెతకాలంటే అడిగే తీరు కూడా తెలియాలి. బాలింతల దిగులును కనిపెట్టడానికి 1987లో ఎడిన్‌బరో స్కేలు వచ్చింది. పది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, అడిగేది గడిచిన ఏడు రోజుల గురించే. ఇందులో నిద్ర గురించిన ప్రశ్న నాకు మరీ నచ్చింది. నిద్ర పడుతోందా అని ఊరికే అడిగితే ఏ బాలింతయినా లేదనే అంటుంది, పసిబిడ్డ నిద్రపోనిస్తే కదా. అందుకని దుఃఖం వల్ల నిద్ర పట్టడం లేదా అని అడిగారు. ఆకలి, అలసట ప్రశ్నలు అసలు పెట్టలేదు. అవీ కాన్పయినవాళ్లందరికీ ఉండేవే కాబట్టి. నవ్వగలుగుతున్నావా అనే తేలిక ప్రశ్నతో మొదలుపెట్టి, నీకు నువ్వు హాని చేసుకోవాలనిపించిందా అనేదాన్ని చివరికి అట్టిపెట్టారు. ఆ వరుసలో ఉంది నేర్పంతా.

మనకు దగ్గర్లో బెంగళూరులో మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఉంది. తల్లినీ బిడ్డనూ విడదీయకుండా చేర్చుకుని మానసిక వైద్యం చేసే వార్డు అక్కడ 2009లో మొదలైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు వాళ్లిచ్చే వీడియో శిక్షణ కూడా మెచ్చదగ్గదే. డాక్టరు తన ఓపీలో తన రోగినే చూస్తుంటే అవతల నుంచి సైకియాట్రిస్టు చూస్తూ నేర్పుతారు. అది స్త్రీల వైద్యులకని ప్రత్యేకంగా పెట్టింది కాదు, బాలింట్ గ్రూపూ కాదు. రోగిని ఎలా చూడాలో అది నేర్పుతుంది. రోగి ముందు తన చిరాకును తాను చూసుకోవడానికి మాత్రం తోటివాళ్లే కావాలి.

తాలూకా ఆస్పత్రి క్యూలో ఇదంతా ఎక్కడ కుదురుతుందని అడుగుతారు. క్యూలో కుదరదు, నిజమే. కానీ గ్రూపు నడిచేది ఓపీ అయ్యాక. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి కలిపి ఎనిమిది మంది కాన్పుల డాక్టర్లు పదిహేను రోజులకోసారి ఒక గదిలో కూర్చోవడం అసాధ్యమేమీ కాదు. గ్రూపు నడిపేవారికి మాత్రం అందులో శిక్షణ ఉండాలి, ఆ ఒక్కరినీ బెంగళూరు నుంచి రప్పించుకోవచ్చు.