ఫైలు కావాలా, గీత కావాలా?

ఈ వారం ఒక చెరువు నాకు కోపం తెప్పించింది. ప్లాటు కొనబోతున్న మిత్రుడొకరు అది ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి హద్దు) లోపల పడుతుందేమో చూడమన్నారు. సంబంధిత శాఖ ఆ గీతను డబ్ల్యూఎంఎస్ అనే వెబ్ మ్యాపు సర్వీసుగా పెట్టింది. లింకును క్యూజీఐఎస్ అనే మ్యాపు సాఫ్ట్‌వేరులో ఇవ్వగానే ఉపగ్రహ చిత్రం మీద నీలిగీత వచ్చి కూర్చుంది. చూడటానికి బాగానే ఉంది గానీ, గీత తాలూకు అక్షాంశ రేఖాంశాలు మాత్రం చేతికి రావు.

నా పాత పట్టు ఒకటుంది: బొమ్మ కాదు, డేటా ఇవ్వండి. డబ్ల్యూఎంఎస్‌లో మనం అడిగిన ప్రాంతాన్ని సర్వరు అప్పటికప్పుడు గీసి బొమ్మగా పంపుతుంది. డబ్ల్యూఎఫ్ఎస్ అనే మరో సర్వీసు అయితే హద్దు బిందువులు, పేరు, వివరాలతో సహా ఇచ్చేస్తుంది. మ్యాపు డేటా ప్రమాణాలు రూపొందించే సంస్థ ఓజీసీ మొదటిదాన్ని 2000లో, రెండోదాన్ని 2002లో ప్రమాణంగా తెచ్చింది. మన శాఖలు ఇప్పటికీ మొదటి మెట్టు మీదే ఎందుకు ఆగాలి?

ఇంతలో మిత్రుడు అదే హద్దు ఉన్న ఒక కేఎంఎల్ (మ్యాపు డేటా) ఫైలు పంపారు. వాట్సాప్‌లో బ్రోకరు ఇచ్చాడట. బిందువులన్నీ ఉన్నాయి, నేను కోరే డేటా అదే. కానీ శాఖ గీతకూ దానికీ పొంతన లేదు. ఎవరు గీశారో, ఎప్పుడు గీశారో ఫైల్లో ఎక్కడా లేదు.

ఈ లోపం పాతదే. మేము మ్యాపుల పని నేర్చుకున్న రోజుల్లో సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు మీద ట్రేసింగ్ పేపరు పరిచి, కావలసిన వాగులూ చెరువులూ ఇంకుతో దించుకునేవాళ్లం. దాన్నుంచి అమ్మోనియా ప్రింట్లు, వాటి నుంచి మళ్లీ ట్రేసింగులు. షీటు అంచున సర్వే జరిగిన సంవత్సరం అచ్చువేసి ఉండేది. దాన్ని ఎవరూ దించేవారు కాదు. రెండు మూడు నకళ్లు దాటేసరికి చెరువు మిగిలేది, దాని వయసు పోయేది. ఎండిపోయిన కుంటలు కాగితాల మీద ఏళ్ల తరబడి నిండుగా ఉండేవి.

చేతులు మారిన ఆ కేఎంఎల్ కూడా అలాంటి నకలే. డబ్ల్యూఎఫ్ఎస్ నుంచి దించుకున్న ఫైలైనా బయటికొచ్చి చేతులు మారితే గతి అదే. శాఖ తన దగ్గర గీత దిద్దితే సర్వీసు చూసేవారందరికీ కొత్త గీతే కనిపిస్తుంది. నకళ్లకు ఆ సంగతే తెలియదు. ఒకరి ఇల్లు నిలవడం, కూలడం ఆ గీత మీద ఆధారపడినప్పుడు కొలతకు అందే నకలు కన్నా మూలానికి కట్టుబడిన బొమ్మే మేలు.

కాబట్టి శాఖలను ఇకపై ముందుగా అడగాల్సింది ఫైలు కాదు. ప్రతి పొర పక్కన దాన్ని ఎవరు గీశారో, చివరిసారి ఎప్పుడు దిద్దారో రాయండి. ఆ తర్వాత డబ్ల్యూఎఫ్ఎస్ గురించి మాట్లాడుకుందాం.