పగటి పాళీ, రాత్రి పాళీ

పసిరిక పామును పగలు వెతకడం దండగ. వానాకాలం ముంబై ఆరే కాలనీలో జానెడు దూరంలో ఉన్నా అది కంటికి ఆనదు. కొమ్మ ఊగుతోందనుకుంటాం, ఊగేది పాము. నాకు తెలిసిన కిటుకు ఒకటే: చీకటి పడ్డాక టార్చి పట్టుకుని పోవడం. పగలంతా వేటాడి, రాత్రి కొమ్మ చివర మడతలు పడి నిద్రపోతుంది. వెలుగు పడితే ముదురాకుల మధ్య దాని లేతరంగు ఇట్టే బయటపడుతుంది.

అదే వెలుగుకి పై కొమ్మల్లో రెండు కళ్లు మెరిశాయంటే, మరాఠీవాళ్లు మాంజర్యా అనే పిల్లికళ్ల పాము దిగినట్టు. వర్లి మిల్లుల్లో మా పెద్దవాళ్ల పాళీలు మారినట్టే చెట్టు మీద వీటి పాళీ మారుతుంది. దీని కంటిపాప నిలువు చీలిక, పసిరికది అడ్డ చీలిక. పసిరికకు కంటి ముందునుంచి ముక్కుదాకా ఇరుపక్కలా గాడి ఉంటుంది. ఆ దారిన రెండు కళ్లూ ఒకే బల్లి మీద నిలుస్తాయి. దూరం అంచనా తప్పదు.

విషపు కోరలు రెండింటికీ నోటి వెనకే. బల్లిని పట్టుకుని నములుతూ లోపలికి జరుపుకుంటే గానీ అవి దిగవు. పసిరిక కరిస్తే మనిషికి మామూలుగా కాస్త వాపు, మంట. పరేల్‌లో 1899 నుంచీ ఉన్న హాఫ్‌కిన్ సంస్థ పేరు చెబితే గుర్తొచ్చే పాముకాటు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరల కోసం. అందులో పసిరికకు చోటు లేదు, అక్కరా లేదు.

అయినా దెబ్బలు తినేది ఇదే. బీడీడీ చాళ్లనే ఒంటిగది ఇళ్లలో మా పక్కగది పెద్దమ్మ కరీంనగర్ నుంచి వచ్చింది. "పసిరిక కండ్లు పొడుస్తది బిడ్డా" అనేది. కింది గది మరాఠీ ఆజీ లెక్కలో హరణటోళ్, అంటే ఈ పసిరికే, నడినెత్తి మీదే కొడుతుంది. మన ముఖమెత్తు కొమ్మ మీద ఉండే పాము, బెదిరిస్తే ముఖం మీదికి కాక ఎక్కడికొస్తుంది? నిజంగా ప్రాణం తీయగల నాగుపాముకేమో ఇద్దరూ శ్రావణ పంచమికి పాలు పోసేవాళ్లు.

ఇప్పుడు కర్రలకు కెమెరాలు తోడయ్యాయి. విసిగిస్తే పసిరిక ఒళ్లు ఉబ్బించి, పొలుసుల సందున నలుపు తెలుపు చారలు చూపిస్తుంది. ఫొటోలో అవి కనిపిస్తే ఎవరో దాన్ని సతాయించారన్నమాటే. నేను తీసినవన్నీ నిద్రపోతున్న పాములే, సగానికి సగం మసక.