ఆమె ఏమన్నది?

నిజం చెప్పొద్దూ, కోర్టు సీను రాయడమంటే నాకు భలే సరదా. వంటింట్లో ఎవరేమన్నా పోపు చిటపటల్లో కలిసిపోతుంది. కోర్టులో అలా కాదు. ఒకరు మాట్లాడుతుంటే పదిమందీ నోరు మూసుకుని వినాల్సిందే!

నా మొదటి నవలలో ఓ విడాకుల కేసుంది. భర్త తరపు ప్లీడరు లేచి, ఆ ఇల్లాలు మాట్నీకి ఏ చీర కట్టుకెళ్ళింది, పక్క సీట్లో ఎవరు కూర్చున్నారు అని నవ్వుతూ నవ్వుతూ అడుగుతాడు. చదివినవాళ్ళంతా "ప్లీడరు భలే మాట్లాడాడండీ!" అన్నారు. బోధన్‌లో మా పెద్దమ్మ మాత్రం కళ్ళజోడు తీసి, "గామె ఏమన్నది బిడ్డా?" అంది. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి పోయే చెరకు బండ్లను చూస్తూ పెరిగిన మనిషి. తియ్యటి మాటకు అంత సులువుగా పడదు.

"తల వంచుకుంది పెద్దమ్మా" అన్నాను.

"గామె యాడ వంచుకున్నది? నువ్వే గదా వంచినవ్!"

ఆ మాట ఈమధ్య మళ్ళీ గుర్తొచ్చింది, సిసిరో ప్రసంగం చదువుతుంటే. బి.ఏ.లో ఆయన రోమ్ మహావక్త అని ఒక్క ముక్క బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నదాన్ని. కేలియస్ అనే యువకుడి తరపున ఆయన చేసిన వాదన ఇన్నాళ్ళకి ఇంగ్లీషు అనువాదంలో పూర్తిగా చదివాను.

క్రీ.పూ. 56, ఏప్రిల్ నెల. రోమ్‌లో ఉత్సవాలు, నాటకాలు. మిగతా కోర్టులన్నిటికీ సెలవే గాని, ఇది దౌర్జన్యం కేసు కాబట్టి దీనికి లేదు. కేలియస్ మీద ఉన్న నేరాల్లో రెండు క్లోడియా అనే వితంతువుకు సంబంధించినవి. ఆమె దగ్గర బంగారం తీసుకున్నాడని ఒకటి, తర్వాత ఆమెకే విషం పెట్టించబోయాడని ఇంకొకటి. కేలియస్ తరపున అందరికన్నా చివర లేచాడు సిసిరో.

జూరీవాళ్ళు పాపం నాటకాలు వదులుకుని వచ్చారు. అయితేనేం, నాటకం ఆయనే చూపించాడు! ఎప్పుడో పోయిన క్లోడియా వంశపు పెద్దాయన, గుడ్డి ఆపియస్ క్లాడియస్‌ను పిలిచాడు. రోమ్‌కు పెద్ద రహదారీ, మంచినీళ్ళ కాలువా వేయించిన మహానుభావుడాయన. ఆయన గొంతుతో, నా రోడ్డూ నా నీళ్ళూ నీ విలాసాలకా అన్న ధోరణిలో ఆమెను చీవాట్లు పెట్టించాడు. మన హరికథలో దాసుగారు ఒక్కరే దశరథుడూ కైకా అయినట్టే. ఇంకోచోట ఆమె తమ్ముణ్ణి "మొగుడు" అనేసి, పొరపాటున నోరుజారినట్టు దిద్దుకుంటాడు. ఆ ఒక్క జారుడుకే ఆమె పరువు మట్టిలో కలిసింది.

రచయిత్రిగా చెబుతున్నాను, అసూయ కలిగింది. ఎక్కడ నవ్వించాలో, ఎక్కడ ఆపాలో ఆయనకు తెలిసినట్టు నాకు తెలియదు. అన్నీ డొల్ల మాటలే అనీ అనలేం. స్నానశాలలో విషం చేతులు మారుతుంటే పట్టుకోవడానికి మనుషులు పొంచి ఉన్నారన్న కథను ఆయన విప్పిన తీరు న్యాయమైనదే. వాళ్ళెక్కడ దాక్కున్నారు, విషం తెచ్చినవాడు వాళ్ళ చేతిలోంచి ఎలా తప్పించుకున్నాడు అని అడిగాడు. అంతటితో ఆగి ఉంటే నేనూ చప్పట్లు కొట్టేదాన్ని. కాని "విషం పెట్టాడా?" అన్న ప్రశ్న "ఆమె ఎలాంటిది?" అన్న ప్రశ్నగా మారిపోయింది. అన్నట్టు, రెండేళ్ళ కిందట సిసిరోను దేశం వదిలిపోయేలా చేసింది ఆ తమ్ముడే. పాత కక్ష అక్క నెత్తిన తీర్చుకున్నాడన్నమాట.

కేలియస్ నిర్దోషిగా బయటపడ్డాడు. సిసిరో ప్రసంగం రెండువేల ఏళ్ళు బతికింది. క్లోడియా మాట ఒక్కటీ మిగల్లేదు. కటల్లస్ కవి ప్రేయసి ఈమేనని చాలామంది పండితులంటారు. అంటే అక్కడా ఆమెను గురించిన మాటలే గాని ఆమె మాట లేదు.

నోరు విప్పినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. అఫ్రానియా అనే ఆవిడ తన కేసులు తానే వాదించుకునేది. తర్వాతి కాలపు గ్రంథకర్త వలేరియస్ మాక్సిమస్ దాన్ని సిగ్గులేనితనమని రాసిపెట్టాడు. మనం గయ్యాళి అంటామే, అక్కడ ఆవిడ పేరే అలాంటి తిట్టయిపోయింది!

ఇదంతా ఎక్కడో రోమ్ ముచ్చట అనుకుంటున్నారా? 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక స్త్రీపై అత్యాచారం జరిగిందన్న కేసు, ఆమె భర్త మరణం రాష్ట్రాన్నంతా కదిలించాయి. ఆమె పేరు రాయను, అప్పట్లో దాన్ని నలిపింది చాలు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ ముందు పోలీసుల తరపువాళ్ళు ఎత్తుకున్నదీ ఆమె నడవడికనే. కమిషన్ ఆ పోలీసులను తప్పుపట్టింది. కాని కేసు రాయచూరు కోర్టుకు వెళ్ళి, 1981లో వాళ్ళు నిర్దోషులుగా విడుదలయ్యారు. అత్యాచారం కేసులో ఫిర్యాదు చేసిన స్త్రీ నడవడిక మంచిది కాదని చూపించి ఆమె సాక్ష్యాన్ని కొట్టేయించే వీలు 1872 సాక్ష్య చట్టంలోనే ఉండేది. దాన్ని తీసేసింది 2002 సవరణ. నూటముప్ఫై ఏళ్ళు పట్టింది!

చట్టంలోంచి తీసేశారు సరే, మన నవలల్లోంచి ఎవరు తీస్తారు? అందుకే రెండో ముద్రణలో ఆ ఇల్లాలికి ఒక పేజీ ఇచ్చాను. ఆమె తలెత్తి, "సినిమాకు వెళ్ళాను, మా తమ్ముడితో. ఇప్పుడు కేసు సంగతి అడగండి" అంటుంది. సీనులో పస తగ్గిందని ఇద్దరు ముగ్గురు ఉత్తరాలు రాశారు.

తగ్గనీండి. పెద్దమ్మ మాత్రం ఈసారి కళ్ళజోడు తియ్యకుండా చివరిదాకా చదివింది.