రెండో గిటార్ చేసే పని

2018 ఆగస్టులో కెనడాలోని వాంకూవర్‌లో, వేర్‌హౌస్ స్టూడియో వెనకాల బ్రయాన్ జాన్సన్, ఫిల్ రడ్ ఎవరి కెమెరాకో దొరికిపోయారు. ఏసీ/డీసీ అభిమానులకు ఆ ఫొటో చాలు. అప్పటికి ఆ బ్యాండ్ పని అయిపోయిందనే అందరూ అనుకుంటున్నారు మరి. పాడితే ఉన్న వినికిడి కూడా పోతుందని డాక్టర్లు హెచ్చరించడంతో గాయకుడు జాన్సన్ 2016లో టూర్ మధ్యలోనే దిగిపోయాడు. డ్రమ్మర్ రడ్ న్యూజిలాండ్‌లో కోర్టు కేసు పాలయ్యాడు. బాస్ వాయించే క్లిఫ్ విలియమ్స్ ఇక చాలంటూ రిటైరయ్యాడు. అన్నిటికీ మించి, బ్యాండ్‌కు వెన్నెముక లాంటి రెండో గిటారిస్టు మాల్కమ్ యంగ్ డిమెన్షియాతో 2017 నవంబరులో పోయాడు.

అయినా వెళ్ళిపోయిన ముగ్గురూ తిరిగొచ్చారు, 2020 నవంబర్ 13న 'పవర్ అప్' ఆల్బమ్ వచ్చింది. 12 పాటలు, సుమారు 41 నిమిషాలు. అన్నిటికీ రచయితలుగా గిటారిస్టు అంగస్ యంగ్, అతని అన్న మాల్కమ్ పేర్లే ఉన్నాయి. పోయినవాడికి మర్యాద కోసం వేసిన పేరు కాదది. అన్నదమ్ములిద్దరూ కూర్చుని కట్టుకున్న ట్యూన్లు, సగంలో ఆగిన రిఫ్‌లు ఏళ్ళ తరబడి పోగుపడి ఉన్నాయి. 2008 నాటి 'బ్లాక్ ఐస్' ఆల్బమ్ రోజుల్లోవి మరీ ఎక్కువ. అంగస్ వాటిని తవ్వి తీసి పాటలుగా పూర్తిచేశాడు. స్టూడియో పాతదే, ప్రొడ్యూసర్ బ్రెండన్ ఓబ్రయన్, ఇంజనీర్ మైక్ ఫ్రేజర్ కూడా పాతవాళ్ళే. కొత్త ఆల్బమ్ కోసం కొత్తదారి వెతుక్కోవాలన్న బెంగ వీళ్ళకు లేదు. ప్రతిసారీ ఒకే ఆల్బమ్ చేస్తారన్న ఎగతాళి అరిగిపోయింది గానీ, ఆ ఒకేరకం మోతను ఇంకెవరైనా అచ్చంగా దించి చూపించమనండి!

అందులోని కష్టం మాల్కమ్ గిటార్‌ను చూస్తే తెలుస్తుంది. 1963 నాటి గ్రెచ్ అది. శబ్దాన్ని పట్టే పికప్‌లలో బ్రిడ్జి దగ్గరది ఒక్కటే ఉంచి, మిగతావి పీకేశాడు. ఎర్రరంగు గీకేశాడు. పికప్‌లు ఉండాల్సినచోట గుంటలు అలాగే కనిపిస్తుంటాయి. లావు తీగలు బిగించి, గట్టిగా మీటేవాడు. ఆంప్‌లో మాత్రం డిస్టార్షన్ తక్కువే. హార్డ్ రాక్ అంటే రొద అనుకునేవాళ్ళకు ఇది వింతగా ఉండొచ్చు. రొద తగ్గబట్టే కార్డ్‌లోని ఒక్కో స్వరం విడిగా వినిపిస్తుంది. మీటిన చెయ్యి ఠక్కున ఆగితే ఆ సందులో డ్రమ్ దెబ్బ పడుతుంది. స్కూల్ యూనిఫాంలో గెంతుతూ సోలోలు వాయించే అంగస్ వైపే జనం చూస్తారు. వాళ్ళ కాళ్ళు ఆడేది మాత్రం వెనకున్న మాల్కమ్ తాళానికి.

ఆ చోట ఇప్పుడు స్టీవీ యంగ్ ఉన్నాడు. అంగస్, మాల్కమ్‌ల పెద్దన్న కొడుకు, బాబాయ్ అంగస్ కంటే రెండేళ్ళు కూడా చిన్న కాదు. 1988 టూర్‌లోనూ మాల్కమ్ బదులు కొన్నాళ్ళు వాయించాడు. 'పవర్ అప్'లో అతను సొంత ముద్ర వెయ్యాలని చూడలేదు. అదే ఆల్బమ్‌ను కాపాడింది.

'ఐరన్ మ్యాన్' సినిమా మొదట్లో మోగే 'బ్యాక్ ఇన్ బ్లాక్' పాట గుర్తుందిగా? గాయకుడు బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరిలో పోతే, జూలైకల్లా అదే పేరుతో ఆల్బమ్ వచ్చేసింది. అది బాన్‌కు నివాళి అయితే, 'పవర్ అప్' మాల్కమ్‌కు అని అంగసే చెప్పుకున్నాడు. కాకపోతే అప్పుడు పాడే గొంతు మారింది, పాట కట్టే అన్నదమ్ములు పక్కపక్కనే ఉన్నారు. ఈసారి అంగస్‌కు సరే, కాదు అని చెప్పే మనిషి లేడు. అది కొన్నిచోట్ల తెలుస్తుంది కూడా. రెండో సగంలో ఒకటి రెండు పాటలు ఉత్త బండి లాగుడే. 'త్రూ ద మిస్ట్స్ ఆఫ్ టైమ్' దగ్గర మాత్రం బ్యాండ్ కాస్త మెత్తబడి, ఎప్పుడూ లేనంత రాగం తీస్తుంది.

2024లో టూర్ మొదలయ్యేసరికి రడ్, విలియమ్స్ మళ్ళీ లేరు. రికార్డింగ్‌లో కూర్చున్న ఐదుగురిలో స్టేజీ ఎక్కింది జాన్సన్, బాబాయ్, అబ్బాయ్ ముగ్గురే.